టమాటాలు ఎవరికీ కనపడవు

ఆవిడ పోయిందన్న కబురు మా బావమరిది ఫోన్ చేసి చెప్పాడు. నేను తేరుకునేలోపే, "ఆదివారం సంతాప సభ పెడుతున్నాం బావగారూ. బ్యానర్ మీద ఏం రాయిద్దాం?" అనడిగాడు. మా బావమరిది కవి. ఇలాంటి వేళల్లో కూడా అతనికి ముందు బ్యానరే గుర్తొస్తుంది.

"పేరు రాయించు, చాలు," అన్నాను.

"పేరొక్కటే అయితే బోసిగా ఉంటుందండీ," అని ఫోన్ పెట్టేశాడు.

ఆవిడ పేరు నేనిక్కడ రాయను. రాసిన మరుక్షణం ఆవిడ ఏం రాసి ఉంటుందో మీరు కూడా ఊహించేసుకుంటారు. బతికున్నన్నాళ్లూ ఆవిడకి వచ్చిపడిన తంటా అదే. పేరు వినగానే జనానికి కవిత వినాల్సిన అవసరం తీరిపోయేది. ముస్లింల ఇంటి ఆడపడుచు అని మాత్రం చెప్తాను, అది చెప్పకపోతే తర్వాత జరిగినవేవీ అర్థం కావు. ఆ సంగతి చెప్పుకోవడానికి ఆవిడకి ఏ ఇబ్బందీ లేదు. ప్రతిసారీ మొదటి వాక్యం అదే కావడమే ఆవిడకి నచ్చేది కాదు.

తొంభైల్లో నాకు బెజవాడ గవర్నర్‌పేటలో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఆదివారం సాయంత్రం మూసేసేవాణ్ణి. ఖాళీ గదే కదా అని మా బావమరిది దాని మీద కన్నేశాడు. పెళ్లాం తమ్ముడు అడిగితే కాదనే మొగుడు మా వంశంలో ఇంతవరకూ పుట్టలేదు. అలా నెలకో ఆదివారం నా గదిలో కవుల సమావేశం మొదలైంది. టైపు మిషన్ల ముందు స్టూళ్ల మీద కవులు వరసగా కూర్చునేవాళ్లు. ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు తోచక మీటలు నొక్కేవాళ్లు. సోమవారం పొద్దున్నే చూస్తే మిషన్లలో అక్షరాల కడ్డీలు ఒకదానికొకటి చిక్కుకుని ఉండేవి. ఏ కవి చదివినప్పుడు ఎన్ని మిషన్లు చిక్కుపడ్డాయో చూసి అతని స్థాయి నేను లెక్కగట్టేవాణ్ణి.

ఆవిడ మాత్రం కవుల తలుపులోంచి రాలేదు. టైపు నేర్చుకోవడానికి వచ్చింది. కరెంటాఫీసులో కంప్లైంటు ఫోను దగ్గర పని. ఊళ్లో ఎక్కడ కరెంటు పోయినా జనం ఆ ఫోనుకే చేసి తిట్టేవాళ్లు. ప్రమోషన్‌కి తెలుగు టైపు పాసవ్వాలని చేరింది. ముప్ఫై దాటిన మనిషి, కాటన్ చీర, భుజాన పెద్ద సంచీ. ఆ సంచీలోంచి ఎప్పుడూ ఏదో ఒక ఆకుకూర తొంగి చూస్తుండేది.

ఒకరోజు ప్రాక్టీసు కాగితాలు దిద్దుతుంటే ఆవిడ కాగితంలో నేనిచ్చిన వ్యాపార లేఖ బదులు ఇది ఉంది.

మాస్టారు ఫ్యాను కింద కూర్చుంటారు
మేం మాస్టారి ఎదురుగా కూర్చుంటాం
గాలి ఆయన దాకా వచ్చి
అక్కడే ఉద్యోగంలో చేరిపోతుంది
రేపటి నుంచి కిటికీ పక్క మిషను నాది

కోప్పడదామంటే ఒక్క అక్షరం తప్పు లేదు. మర్నాడు మనిషిని పిలిపించి ఫ్యాను ముందుకి జరిపించాను. కవిత చదివి నేను లేచి ఒక పని చేయడం అదే మొదలు. ఇన్నేళ్లుగా మా బావమరిది కవితలు వింటున్నా అలాంటి అవసరం నాకెప్పుడూ కలగలేదు.

"నిజంగానే జరిపించారా?" అంది ఆవిడ తల పైకెత్తి చూసి. "ఊరికే రాశానండీ."

"ఆదివారం ఇక్కడ ఊరికే రాసేవాళ్లు చాలామంది వస్తారు. మీరూ రండి," అన్నాను.

అలా వచ్చింది. రావడం నా వల్లే కాబట్టి తర్వాత జరిగినవన్నీ నేను కాస్త దగ్గరగా పట్టించుకున్నాను.

మా సమావేశాల్లో ఒక ఆచారం ఉండేది. కవిత చదివే ముందు ప్రతి కవినీ ఏ వేదనకి చెందినవాడో చెప్పి పరిచయం చేయాలి. ఒకాయనకి రైతు వేదన. ఇంకొకాయనకి కార్మిక వేదన. కాలేజీ లెక్చరర్ ఒకాయన మట్టి వాసన తీసుకున్నాడు. మా బావమరిదికి మధ్యతరగతి వేదన వచ్చింది, అతనికి పటమటలో రెండు మేడలు. రైలు బెర్తుల్లా ఎవరిది వారికి ఖాయం, ఒకరిది ఇంకొకరు ఆక్రమించడానికి లేదు.

ఆవిడ వచ్చిన మొదటి ఆదివారమే ఆవిడ బెర్తు కూడా ఖాయమైపోయింది. "మైనారిటీ స్త్రీ గుండెలోని మూగ వేదన" అని మా బావమరిది గొంతు బరువుగా చేసి ప్రకటించాడు. అందరూ మీటల మీంచి చేతులు తీసి, మొహాలు దిగాలుగా పెట్టుకుని సిద్ధంగా కూర్చున్నారు. ఆవిడ లేచి, ఫోన్లో కంప్లైంటు రాసుకునేటప్పటి గొంతుతో చదివింది.

చల్లపల్లి నుంచి బెజవాడ బస్సులో
నాకెప్పుడూ కిటికీ దొరికేది కాదు
అయినా ఉయ్యూరు వస్తే తెలిసేది
చక్కెర ఫ్యాక్టరీ వాసనకి
ఏడ్చే పిల్లలు ఏడుపాపి ముక్కు మూసుకునేవాళ్లు
అమ్మ సరిగ్గా అప్పుడే అన్నం డబ్బా తీసేది
నాకిప్పటికీ ఆ వాసనొస్తే
ఆకలేస్తుంది

చదివాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇంకా వేదన రాలేదు కదా అని ఎదురుచూస్తున్నారు. కాసేపు చూసి ఆవిడే, "అంతేనండీ, అయిపోయింది," అంది. తర్వాత అది ఆవిడకి అలవాటైపోయింది. మిగతా కవులు చివరి పాదం దగ్గర గొంతు పెంచి, చెయ్యి పైకెత్తి, చప్పట్లకి దారి చూపించేవాళ్లు. ఈవిడ "అంతేనండీ, అయిపోయింది" అని కూర్చునేది.

మా సభలకి శాశ్వత అధ్యక్షుడు ఒక పెద్దాయన ఉండేవారు. రిటైరైన తెలుగు మాస్టారు, మంచి మనిషే, విమర్శకుడు కావడం ఒక్కటే లోపం. ఆయన కళ్లు మూసుకుని, "ఆ ముక్కు మూసుకోవడంలో ఉందమ్మా అంతా. ఒక సమాజం ఇంకొక సమాజాన్ని చూసి..." అని మొదలుపెట్టారు.

"కాదండీ, మొలాసిస్ వాసనండీ," అంది ఆవిడ. "మీరెప్పుడూ ఆ దారిన వెళ్లలేదా?"

ఆయనది గుడివాడ. రైల్లో వచ్చేవారు.

కొందరు కవులు ఉర్దూలో అక్కా అన్నట్టు ఆవిణ్ణి "ఆపా" అని పిలవడం మొదలుపెట్టారు. ఆ ఒక్క మాట కోసం వాళ్లు మొహాన పూసుకునే చిరునవ్వు చూడాలి. ఆవిడ కొన్నాళ్లు ఊరుకుని ఒకరోజు నెమ్మదిగా, "మా తమ్ముడు ఆపా అంటే పిలిచినట్టుంటుందండీ. మీరంటే సినిమాలో పిలిచినట్టుంది. మేడమ్ అనండి, ఆఫీసులో అలాగే అంటారు," అంది. ఒకాయన నొచ్చుకుని రెండు నెలలు రాలేదు. మా మిషన్లకి కాస్త విశ్రాంతి దొరికింది.

ఆవిడ నాన్నకి చల్లపల్లిలో అద్దె సైకిళ్ల షాపు ఉండేదట. ఊరి పిల్లలంతా ఆ షాపు సైకిళ్ల మీదే నేర్చుకున్నారు, షాపాయన కూతురు తప్ప. ఆదివారమొస్తే సైకిళ్లన్నీ అద్దెకి పోయేవి. మిగిలిన రోజుల్లో అన్నింటికీ పంక్చర్లు. ఆ సంగతి మీద ఒక కవిత రాసింది. నవ్వలేక చచ్చాను. చదువుతూ చదువుతూ ఆవిడా నవ్వేసింది. అధ్యక్షులవారు మాత్రం నవ్వకుండా, దొరకని ఆ సైకిలు స్వేచ్ఛకి ప్రతీక అన్నారు.

"అది ఆకుపచ్చ సైకిలండీ. బెల్లు బాగుండేది," అంది ఆవిడ.

ఇవన్నీ తలుచుకుంటే నాకిప్పుడూ నవ్వొస్తుంది. ఒక ఆదివారం మాత్రం నవ్వు రాలేదు. దేశంలో ఎక్కడో గొడవలు జరుగుతున్న రోజులు. ఇక్కడ కూడా బజారు తొందరగా కట్టేస్తున్నారు. ఆ ఆదివారం ఎప్పుడూ రానంతమంది వచ్చారు. స్టూళ్లు చాలక గోడవారన నిలబడ్డారు. ఎవరి కోసం వచ్చారో ఎవరూ చెప్పలేదు గానీ అందరి చూపులూ ఒకవైపే ఉన్నాయి.

ఆవిడ లేచి, కరెంటు పోయిన సాయంత్రం ఆఫీసుకి వచ్చే ఫోన్ల మీద రాసింది చదివింది. ఒకావిడ పప్పు రుబ్బుతుండగా పోయిందని. ఒకాయన తన ఇంట్లో ఉంది గానీ ఎదురింట్లో పోయిందని, పాపం వాళ్లకి ఫోను లేదని. ఒక పిల్లవాడు ఊరికే, చీకట్లో ఎవరితోనైనా మాట్లాడాలని. "అంతేనండీ, అయిపోయింది."

గదిలో అందరికీ ఏదో నష్టం జరిగినట్టుంది. అధ్యక్షులవారు ఉండబట్టలేక, "ఇలాంటి సమయంలో కూడానా తల్లీ? నీకు బాధ లేదా?" అన్నారు.

ఆవిడ కూర్చోబోతూ ఆగింది. "ఉందండీ. నాలుగు రోజుల్నుంచి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినట్లేదు. అది రాయాలనిపించినప్పుడు రాస్తాను. మీరంతా వినడానికి వచ్చారని రాయలేను."

ఆ పూట ఎవరూ మీటలు నొక్కలేదు.

తర్వాత బస్టాపు దాకా నేనూ నడిచాను. తప్పుగా మాట్లాడానా మాస్టారూ అని అడిగింది. లేదన్నాను. బస్సు వస్తోందేమోనని ఒకసారి చూసి, "నాకొక్కటే కోరికండీ. ఒక్కసారి పుస్తకంలో నా కవిత చూసుకోవాలి. కింద పేరు, ఊరు బెజవాడ అని. దీని గురించి రాసినావిడ, దాని గురించి రాసినావిడ అని కాకుండా, ఈ ఊరి గురించి రాసినావిడ అనుకుంటే చాలు," అంది. ఇంకేమైనా పెద్దది కోరుకుని ఉంటే మా బావమరిది ఏదో తంటాలు పడి తెచ్చేవాడేమో.

అవకాశం రానే వచ్చింది. కృష్ణా డెల్టా కవులందరివీ కలిపి పుస్తకం వేయాలని మావాళ్లు నిర్ణయించారు. పుస్తకం విభాగాలుగా ఉంటుంది. పల్లె, నగరం, శ్రమ, స్త్రీ, మైనారిటీ, ఇలా. ఆవిడ బెంజ్ సర్కిల్ కవిత ఇచ్చింది. నేనే టైపు చేశాను కాబట్టి నాకింకా నోటికొచ్చు.

బెంజ్ సర్కిల్లో సంచీ తెగింది
టమాటాలన్నీ రోడ్డు మీద దొర్లాయి
ఆటో అతను చెయ్యి బయటపెట్టి
వెనకొచ్చే లారీని ఆపాడు
లారీ వెనక బస్సు, బస్సు వెనక ఊరు
నేను ఏరుకున్నంతసేపూ ఎవరూ హారన్ కొట్టలేదు
ఒకడు కొట్టాడు
అందరూ వాడి వంక చూశారు
రెండు చితికిపోయాయి
మిగతావి ఆ పూట పప్పులో వేశాను

ఆదివారం కమిటీ నా గదిలోనే కూర్చుంది. మా బావమరిది కాగితం తిరగేసి చూశాడు, వెనకవైపు ఇంకేమైనా ఉందేమోనని.

"బాగుంది మేడమ్ గారూ. చిన్న మార్పు. ఆ టమాటాలు ఏరుకునే ఆవిడ బురఖాలో ఉన్నట్టు ఒక్క మాట వేయండి. మొత్తం కవిత లేచి నిలబడుతుంది."

"ఆ రోజు నేను చీరలో ఉన్నానండీ. ఆఫీసు నుంచి వస్తున్నా."

"కవితలో ఉండొచ్చు కదమ్మా," అన్నారు అధ్యక్షులవారు.

"ఉండొచ్చండీ. మా అక్క వేసుకుంటుంది, అమ్మ వేసుకునేది. అందులో తప్పేం లేదు. కానీ ఆ మాట వేస్తే అందరూ బురఖానే చూస్తారు. టమాటాలు ఎవరికీ కనపడవు. ఆటో అతను అసలే కనపడడు."

కమిటీ ఒకరి మొహాలొకరు చూసుకుంది. టమాటాలు కనపడాల్సిన అవసరమేమిటో వాళ్లకి అంతుపట్టలేదు.

"అయితే నగరం విభాగంలో వేయండి," అంది ఆవిడ.

మా బావమరిది నిజంగానే నొచ్చుకుంటూ, "నగరం విభాగం నిండిపోయింది మేడమ్ గారూ. మైనారిటీ విభాగంలోనే ఇంకా ఖాళీ ఉంది," అన్నాడు.

నగరం విభాగం నిండా ఏముందో నాకు తెలుసు, అవీ నేనే టైపు చేశాను. నగరం రాక్షసి, నగరం విషకన్య, నగరం నన్ను మింగేసింది. రాసినవాళ్లంతా బెజవాడలో స్థలాలు కొనుక్కుని హాయిగా ఉన్నారు. ఊరు తన కోసం ఒక్క నిమిషం ఆగిందని రాసిన ఒక్క మనిషికీ అందులో చోటు లేకపోయింది. ఆవిడ కాగితం అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, సంచీలో గోంగూర కట్ట పక్కన పెట్టుకుంది.

"ఇచ్చేయకపోయారా," అన్నాను బయటికొచ్చాక. "ఏ విభాగమైతేనేం, అచ్చులో వచ్చేది."

"మా ఆయనకి చెప్పేశానండీ పుస్తకంలో వస్తోందని," అంది. "ఇప్పుడేం చెప్పాలో ఆలోచిస్తున్నా." అంతకు మించి బాధ బయటపెట్టలేదు. నాకు మాత్రం మా బావమరిది మీద చాలా కోపం వచ్చింది. ఇంటికెళ్లి మా ఆవిడ మీద చూపించాను.

పుస్తకం వచ్చింది. ఆవిష్కరణ సభలో ఆవిడ రెండో వరసలో కూర్చుని అందరికీ చప్పట్లు కొట్టింది. మరుసటి నెల మామూలుగానే వచ్చి, ఇంటి పైన అద్దెకున్నవాళ్ల కుక్కరు కూతల మీద కవిత చదివింది. ఇలా ఏళ్లు గడిచాయి. కంప్యూటర్లొచ్చి నా మిషన్లని పాత ఇనుముకి తోలేశాయి. నేను డీటీపీ నేర్చుకుని అదే గదిలో పెళ్లి శుభలేఖలు కొట్టడం మొదలుపెట్టాను. ఆవిడకి ప్రమోషనొచ్చింది, ఫోను దగ్గర్నుంచి లోపలి గదిలోకి మారింది. లోపలి గదిలో కవితలు దొరకడం లేదని నాతో గొణిగేది. అయినా రెండు మూడు నెలలకోసారి ఒక కాగితం తెచ్చి కొట్టించుకుని వెళ్లేది. ఆఖరిసారి వచ్చినప్పుడు కాస్త నీరసంగా ఉంటోందంది. గుండె జబ్బని ఆవిడకే తెలియదు.

ఆదివారం సభకి వెళ్లాను. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హాల్లో పెట్టారు. బ్యానర్ మీద పేరు కంటే పెద్ద అక్షరాలతో "మైనారిటీ స్త్రీ వేదనకు అక్షరరూపం" అని ఉంది. ముందు వరసలో ఆవిడ భర్త కూర్చున్నాడు. ఆటోనగర్లో లారీ బాడీలకి వెల్డింగు చేస్తాడు. సాయంత్రం పని తెమలదని ఒక్క సమావేశానికీ రాలేదు, ఇదే మొదలు. మావాళ్లు ఆయనకి శాలువా కప్పారు. సభ అన్నాక శాలువా ఉండాలి కదా. ఎండాకాలం, ఫ్యాన్లు సరిగ్గా తిరగట్లేదు, తీసేస్తే ఏమనుకుంటారోనని ఆయన దాన్ని అలాగే పట్టుకుని చెమటలు కక్కుతూ కూర్చున్నాడు.

ఒకరి తర్వాత ఒకరు లేచి, ఆవిడ రాయని కవితల గురించి ఎంతో గొప్పగా మాట్లాడారు. వింటూ వింటూ నాకు ఒళ్లు మండిపోయింది. సభల్లో నోరు విప్పని నేను, రెండు మాటలు చెప్తానని లేచాను. మాటలేవీ చెప్పలేదు. ఆవిడ ఆఖరిసారి నా దగ్గర కొట్టించుకున్న కవిత చదివాను. ఇది విన్నాక ఎవరూ ఇంకేం మాట్లాడలేరులే అనుకున్నాను.

మా ఇత్తడి బిందెకి చిల్లి పడింది
లారీలకి అతుకులేసే మనిషి
ఆదివారం కూర్చుని దానికి మాటేశాడు
సోమవారం మళ్లీ కారింది
రేపు చూస్తానన్నాడు
కింద గిన్నె పెట్టాను
గిన్నె నిండినప్పుడల్లా కరివేపాకు మొక్కకి పోశాను
మొక్క కిటికీ దాకా వచ్చింది
ఇప్పుడు ఆయనకి తీరికై
ఏదీ ఆ బిందె ఇలా తే అంటే
ఇప్పుడెందుకులెండి అంటున్నాను

నేను కూర్చున్నాను. అధ్యక్షులవారు మైకు అందుకున్నారు. వయసు మీద పడింది గానీ గొంతు తగ్గలేదు.

"చూశారా? చిల్లి పడిన ఆ బిందె ఒక జాతి గాయం. ఆ నీళ్లు కన్నీళ్లు. మాటేసి, రేపు చూస్తాను, రేపు చూస్తాను అంటూ కాలం గడుపుతున్నాడే, ఎవరా మనిషి? నేనడుగుతున్నాను, ఎవరా మనిషి?"

చప్పట్లు మోగాయి. ముందు వరసలో ఆవిడ భర్త లేచి నిలబడ్డాడు. శాలువా ఒక పక్కకి జారిపోయింది.

"నేనేనండీ," అన్నాడు.

చప్పట్లు ఆగిపోయాయి.

"ఆ మాటేసింది నేనేనండీ. లారీలకి అలవాటుపడ్డ చెయ్యి కదండీ, ఇత్తడికి కుదర్లేదు. వాళ్లమ్మ ఇచ్చిన బిందండీ అది. వెంటనే చేసుండాల్సింది, నాదే తప్పు." ఇంతమంది పెద్దవాళ్లు తనని నిలదీస్తున్నారనే ఆయన అనుకున్నాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అధ్యక్షులవారు మైకు బల్ల మీద పెట్టేశారు. మా బావమరిది వేదిక మీంచి దిగి, "కూర్చోండి, కూర్చోండి," అంటూ ఆయన దగ్గరికి వస్తున్నాడు. ఈలోగా వెనక వరసలోంచి, ఆవిడతో కరెంటాఫీసులో పనిచేసిన ఒకమ్మాయి లేచి అడిగింది.

"ఇంకా కారుతోందా అన్నయ్యా?"

ఆయన ఆ అమ్మాయి వైపు తిరిగాడు.

"కారుతోందమ్మా. నిన్న పొద్దున్న సామాను ముందేసుకుని కూర్చున్నా. చెయ్యబుద్ధి కాలేదు. గిన్నె మళ్లీ కింద పెట్టేసి లేచిపోయా."